పొద్దున కారే కూలెంట్, వేడెక్కాక ఆగిపోతోంది: పాత బండ్ల ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం అండీ, పాత బండ్ల గురించి మన ఫోన్-ఇన్‌కి స్వాగతం. 30 ఏళ్లుగా ఇంజన్ పని చేస్తున్న మెకానిక్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ లైన్లో ఉంది. చెప్పండి.

కాలర్: నమస్తే అన్నా. నాది 1998 మోడల్ పెట్రోల్ కారు. రోజూ పొద్దున లేచి చూస్తే బండి కింద అరచేయంత పచ్చ తడి ఉంటోంది, ఇంజన్‌ని చల్లార్చే కూలెంటే అది, నడిపి తెచ్చాక చూస్తే ఏం కారట్లేదు. రేడియేటర్ పై గొట్టం దగ్గర క్లిప్ రెండుసార్లు బిగించా, మళ్ళీ బిగిద్దామంటే స్క్రూ ఇంక తిరగట్లేదు.

మెకానిక్: ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు తమ్ముడూ. నువ్వు చెప్పేది చాలా పాత బండ్లల్లో చూశా. వేడెక్కినప్పుడు గొట్టం రబ్బరు ఉబ్బి క్లిప్ దగ్గర సందు మూసుకుంటది, రాత్రి చల్లబడితే ముడుచుకుని సందు తెరుచుకుంటది, అందుకే పొద్దున కనబడ్తది. స్క్రూ క్లిప్ ఒక సైజులో పెడితే ఆ సైజులోనే ఉంటది, రబ్బరు ముడుచుకుంటే అది వెనకాలే రాదు. కంపెనీ వేసే స్ప్రింగ్ క్లిప్ అయితే రబ్బరుతో పాటు తగ్గుతా పెరుగుతా ఉంటది.

కాలర్: అంటే క్లిప్ మారిస్తే సరిపోద్దా?

మెకానిక్: ఆగు, ముందు గొట్టం సంగతి తేల్చుకోవాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక గొట్టాన్ని నడిమధ్యలో బొటనవేలితో నొక్కి చూడు, ఆ తర్వాత క్లిప్‌కి రెండు అంగుళాల లోపు నొక్కు. నడుమ గట్టిగా ఉండి చివర మెత్తగా, లోపల బోలుగా తగిలితే పని అయిపోయినట్టే. వేలి కింద కరకరమన్నా అంతే. చాలామంది మధ్యలో మాత్రం నొక్కి బాగానే ఉందనుకుంటారు, పైకి కొత్తగానే మెరుస్తా ఉంటది మరి. లోహం, కూలెంట్, రబ్బరు కలిసి చిన్న బ్యాటరీలాగా పనిచేసి గొట్టాన్ని లోపల్నించి తినేస్తాయి, అదీ ఎక్కువగా చివర్ల దగ్గర. కోసి చూపిస్తే లోపల సన్న పగుళ్లు, రబ్బరు మధ్యలో గట్టితనానికి వేసే దారం పొర దాకా దిగిపోయి ఉంటాయి.

కాలర్: అమ్మో. నాది నొక్కితే జిగటగా, స్పాంజ్‌లాగా ఉందన్నా.

మెకానిక్: అయితే ఆయిల్ కూడా పడుతున్నట్టుంది. ఈ రబ్బరు వేడికీ కూలెంట్‌కీ తట్టుకుంటది గానీ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతది. పైన ఆయిల్ ఎక్కడ్నించి కారుతుందో చూస్కో, లేదంటే కొత్త గొట్టం వేసినా ఇదే కథ.

యాంకర్: మరి గొట్టం ఆయనే మార్చుకోవచ్చా అండీ?

మెకానిక్: మార్చుకోవచ్చు. కూలెంట్ శుభ్రమైన టబ్‌లోకి దించుకోవాలి. పాత గొట్టం అతుక్కుపోయి ఉంటది, దాన్ని స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించొద్దు, ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న రేడియేటర్ అయితే గొట్టం ఎక్కే మెడ విరుగుద్ది, అప్పుడు గొట్టంతో పోయేది రేడియేటర్ దాకా వస్తది. పొడుగ్గా బ్లేడుతో చీల్చి ఒలిచెయ్, ఎలాగూ పారేసేదే కదా, కాకపోతే బ్లేడు మెడకి తగలకూడదు. తర్వాత అసలు పని, మెడ లోహందైతే దాని మీద చూడు, తెల్లగా పొక్కులు పొక్కులుగా తుప్పు కట్టి ఉంటది. వేలితో తడిమితే గరుకుగా తెలుస్తది. అది మెత్తటి ఎమ్రీ పేపర్‌తో నున్నగా చెయ్యకపోతే కొత్త గొట్టం కూడా అక్కడే కారుద్ది, జనం అందరూ వదిలేసేది ఇదే. గొట్టం ఎక్కడానికి గ్రీజు పుయ్యొద్దు, కాస్త కూలెంట్‌తోనే తడి చేసి తొయ్యి. మెడ చివర ఉబ్బెత్తుగా గట్టు ఉంటది చూడు, క్లిప్ సరిగ్గా దాని వెనక కూర్చోవాలి, గట్టు మీద కాదు.

కాలర్: అన్నా, లీకు మందు ఏదో పోస్తే ఆగుద్దన్నారు ఒకరు.

మెకానిక్: వద్దు తమ్ముడూ, గొట్టం లీకుకి అది మందు కాదు. కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్ ఉంటది, హీటర్ కోర్ అంటారు, దాంట్లో దారులు సన్నగా ఉంటాయి, పోయి అక్కడ అడ్డం పడ్తది. దారిలో ఆగిపోతే మాత్రం, చీలిక క్లిప్ పక్కనే ఉండి గొట్టానికి పొడవు మిగులుంటే చివర ముక్క కోసి మళ్ళీ ఎక్కించుకో, ఇంటిదాకా వస్తది.

యాంకర్: ఇంకో కాల్ ఉందండీ, ఒక నిమిషంలో. అమ్మా, చెప్పండి.

కాలర్ 2: ముందు సీట్లో కాళ్ల కింద మ్యాట్ తడుస్తోందండీ, అద్దం లోపల పొగమంచులా పడుతోంది. ఏసీ నీళ్లేనంటున్నారు.

మెకానిక్: అమ్మా, ఆ తడి వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఏసీ నీళ్లయితే ఉత్త నీళ్లే, జారదు. జారుతూ తియ్యటి వాసనొస్తే కూలెంటే, హీటర్ కోర్ గానీ దాని గొట్టం గానీ కారుతోంది. నోట్లో మాత్రం పెట్టుకోవద్దు, అది విషం. కుక్కలు తియ్యగా ఉందని నాకుతాయి, పిల్లలు కూర్చునే చోటు కూడా, కాబట్టి వెంటనే కడిగించండి, కారణం చూపించే దాకా హీటర్ వాడకండి, రోజూ కూలెంట్ మట్టం చూస్కోండి.

యాంకర్: మొదటి కాలర్ ఇంకా లైన్లోనే ఉన్నారు.

కాలర్: అన్నా, గొట్టం వేశాక నింపడం ఎలా?

మెకానిక్: బండికి ఏ రకం కూలెంట్ చెప్పారో అదే, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. రంగు చూసి కలపొద్దు, రకాలు పడకపోతే లోపల గడ్డ కడ్తది. రేడియేటర్ మూత తీసే ఉంచి హీటర్ ఫుల్ వేడిలో పెట్టి ఇంజన్ ఆన్ చెయ్యి, మెల్లగా బుడగలు వస్తాయి, మట్టం తగ్గేకొద్దీ పోస్తూ ఉండు. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు, అదే థర్మోస్టాట్, తెరుచుకుంటే పై గొట్టం చేతికి వేడి తగుల్తది, బుడగలు ఆగాక మూత పెట్టు. గాలి మిగిలితే ఇంజన్ ఓ చోట కాగుద్ది, గేజ్ సెన్సర్ గాలిలో ఉంటే ముల్లు తక్కువే చూపిస్తది, అదే ప్రమాదం. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి మట్టం చూడు.

కాలర్: సరే అన్నా, ఇప్పుడే మూత తీసి చూస్తా, బండి ఇందాకే ఆపాను.

మెకానిక్: తియ్యకు! ముట్టుకోకు. ఆ మూత దాదాపు ఒక బార్ ఒత్తిడి, అంటే బయటి గాలి ఒత్తిడికి అదనంగా ఇంకో అంత, పట్టి ఉంచుతది, అందుకే లోపల కూలెంట్ 120 డిగ్రీల దగ్గర కూడా మరగదు. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదకొస్తది. రాత్రంతా చల్లారనీ. పొద్దున పై గొట్టం మీద చెయ్యేసి చల్లగా ఉంటేనే మందపాటి గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పు.

కాలర్: అలాగే అన్నా. పొద్దున్నే చూస్తా.