25 కిలోల బస్తా, నాలుగు నెలల కథ

నమస్కారం. ఈ వారం మూడు వందల పేజీలు దాటిన ఒక తెలుగు నవల చదివి ముగించాను. ఒక్క రాత్రిలో కరెంటు, ఫోన్లు, పెట్రోలు బంకులు అన్నీ ఆగిపోతే, నెల్లూరులోని ఐదుగురి కుటుంబం కనిగిరి దగ్గరి పల్లెకు చేరి ప్రాణాలు నిలుపుకోవడం దాని ఇతివృత్తం. రచయితకు ఇది తొలి పుస్తకం కనుక ఆయన పేరు గానీ, ప్రచురించినవారి పేరు గానీ చెప్పను.

తొలి అధ్యాయం చదివి నేను ఎంతో ఆశపడ్డాను. కావలి దగ్గర తీరం దాటిన 1989 నవంబరు తుపానునూ, పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతిన్న 2021 నవంబరు రోజులనూ తలచుకుంటూ, మిద్దె మీది ట్యాంకు అడుగంటకముందే బిందెలు, గంగాళాలు, చివరికి పెరుగు గిన్నెలతో సహా అన్నిటిలోనూ తాతయ్య నీళ్లు పట్టించే ఘట్టం అది. ఆపద వచ్చినప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్ల చేతులు ఎటు కదులుతాయో ఈ రచయితకు తెలుసు.

మూడవ అధ్యాయం నుంచి పుస్తకాన్ని ఎవరూ మళ్లీ చదివి చూడలేదన్న సంగతి బయటపడుతుంది. వానలో తడిసిన కుటుంబం 'చితుకులు ఏరి నొప్పి రాజేసుకుంది' అని అచ్చయింది. అక్కడ ఉండవలసింది నిప్పు. వాగు దాటడానికి కథానాయకుడు 'చింతచెట్టుకు తోడు కట్టాడు', అది తాడు. మొదటిసారి నేనూ నవ్వుకున్నాను కానీ, ఒత్తులు ఊడిన మాటలు వరుసగా కనిపించేసరికి నవ్వు ఆగిపోయింది. యూనికోడులో టైపు చేసిన ప్రతిని అచ్చు కోసం 'అను' అనే పేరున్న ఖతుల్లోకి (ఫాంట్లలోకి) మార్చేటప్పుడు అక్షరాలు ఇలా చెదరడం మన డీటీపీ పనిలో పాత సంగతే. మార్చిన తరువాత ఒక మనిషి కూర్చుని ప్రూఫులు దిద్దాలి. ఆ కూలి ఇక్కడ మిగుల్చుకున్నట్టున్నారు.

అచ్చుతప్పులను మన్నించవచ్చు, లెక్క తప్పితే మాత్రం ఇటువంటి నవల నిలబడదు. ఆ కుటుంబం తోపుడు బండి మీద 25 కిలోల బియ్యం బస్తా ఒక్కటి వేసుకుని బయలుదేరుతుంది. మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున ఐదుగురికి రెండు కిలోలు కావాలి, అంటే ఆ బస్తా పన్నెండు రోజులు దాటి ఒక పూటకు వస్తుంది. నవలలో అదే బస్తా నాలుగు నెలలు వస్తుంది, మధ్యలో రెండుసార్లు అతిథులు కూడా భోంచేస్తారు. పటం మీద నేరుగా గీత గీసినా నూరు కిలోమీటర్లు దాటే నెల్లూరు, కనిగిరి దూరాన్ని ముసలివాడితో, పసిబిడ్డతో ఒక్క రాత్రిలో నడిపించడం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

నాకు నిజంగా బాధ కలిగించినది నీళ్ల అధ్యాయం. కనిగిరి ప్రాంతంలో బోరు నీటిలో ఫ్లోరైడు ఉంటుందని రచయితకు తెలుసు. గారపట్టిన పళ్లను, వంగిపోయిన నడుములను ఆయన జాగ్రత్తగానే వర్ణించారు. అయితే వెంటనే కథానాయకుడు రెండు లీటర్ల బోరు నీటిని ఒక లీటరు అయ్యేదాకా మరిగించి, 'ఇక ఫ్లోరైడు పోయింది, నిశ్చింతగా తాగండి' అని ఊరంతటికీ పోస్తాడు. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి, నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడు మాత్రం పాత్రలోనే మిగిలిపోతుంది. సగానికి మరిగిన నీటిలో దాని గాఢత రెట్టింపవుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, మరో దారి లేనిచోట ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుండగా, ఈ నాయకుడు విషాన్ని చిక్కబరిచి పంచిపెడుతున్నాడన్నమాట. పటిక, సున్నం, బ్లీచింగు పొడి తగిన పాళ్లలో కలిపి, తేరనిచ్చి, పైనీటిని వంచుకునే నల్గొండ పద్ధతి ఎంతో కాలంగా ఉన్నదే. మూతబడిన కిరాణా కొట్టులో పటిక కోసం, సున్నపు బట్టీలో సున్నం కోసం వెతికే రెండు చక్కని ఘట్టాలు రచయిత చేతికి అంది కూడా జారిపోయాయి. లేదా పెంకుటింటి చూరు కింద వాన నీరు పట్టించినా సరిపోయేది, తాతయ్య ఎలాగూ పక్కనే ఉన్నాడు!

ఈ తప్పులన్నిటికీ రచయిత ఒక్కరినే అనడం న్యాయం కాదు. మన దగ్గర రచయిత సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవడం, టైపు చేసినవారే ప్రూఫులు కూడా చూడడం మామూలైపోయింది. ఆరవ అధ్యాయంలో పాము కరిచి చనిపోయిన పెద్దత్త పంతొమ్మిదవ అధ్యాయంలో జొన్న సంకటి వడ్డిస్తుంటే, 'ఈమె పోయింది కదయ్యా' అని అడిగే సంపాదకుడు ఆయన పక్కన లేడు.

పెన్సిలుతో గుర్తులు పెట్టిన నా ప్రతిని రచయితకు పంపుతున్నాను. తొలి అధ్యాయంలో మాత్రం నేను పెట్టిన గుర్తు ఒక్కటే ఉంది. తాతయ్య నీళ్లు పట్టించే పేజీ అంచున వేసిన టిక్కు అది.