విశాఖ బీచ్ రోడ్డు యుద్ధ స్మారకం, కురుసుర: బరంపురం నుంచి వెళ్ళేవాళ్ళ కోసం

నమస్కారమండీ. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగువాళ్ళందరికీ. ఈ వీడియోకి ఎవరూ డబ్బివ్వలేదు. నేరుగా విషయంలోకి వెళ్దాం.

ముందు స్మారకం దగ్గర ఆగండి. 'విక్టరీ ఎట్ సీ' అని 1971 యుద్ధంలో మన నౌకాదళం గెలుపుకి గుర్తుగా 1996లో కట్టారు. 1971 డిసెంబరులోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరం దగ్గరే మునిగింది. ఈ మాట పిల్లలకి అక్కడే చెప్పండి, లేకపోతే వాళ్ళకది సెల్ఫీ దిగే చోటుగానే మిగిలిపోతుంది.

ఇక ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర. అసలు చూడాల్సింది ఇదే! 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన నిజమైన జలాంతర్గామి ఇది, నమూనా కాదు. పొడవు 91 మీటర్లు, లోపల 75 మంది ఉండేవారు. అంతమంది పడుకున్న బంకులు చూస్తే గొంతు పట్టేస్తుంది.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కన్నంలోంచి దూరాలి. ముందు ఒక కాలు అవతల పెట్టండి, తర్వాత తల వంచి నడుము దాటించండి, రెండో కాలు ఆఖర్న. తల ముందు పెడితే పై అంచు నుదుటికి తగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోండి. ఆ కన్నం గుండ్రంగా ఎందుకంటారా? మూలలుంటే నీటి ఒత్తిడి అక్కడే చేరి ఇనుము చీలుతుంది. నీళ్ళడుగున డీజిల్ ఇంజనుకి గాలి అందదు, అందుకే బ్యాటరీలతో నడిచేది. అవి అయిపోతే ఛార్జింగ్ కోసం పైకి రావాల్సిందే, శత్రువు కంట పడేదీ అప్పుడే. నీళ్ళలోంచి వెళ్ళి ఓడల్ని పేల్చే టార్పెడోలని వదిలే గొట్టాలు ముందువైపు ఆరు, వెనకవైపు నాలుగు ఉంటాయి, లెక్కపెట్టండి.

కోపం తెప్పించేది ఆదివారం రద్దీ. కన్నంలో ఒక్కరే పడతారు కాబట్టి వెనకాల వాళ్ళు తోస్తారు, గొట్టాల దగ్గర నిలబడనివ్వరు. మామూలు రోజున వెళ్ళండి. సోమవారం మాత్రం సెలవు.

దగ్గర్లోనే మన నౌకాదళం సముద్రం మీద నిఘాకి వాడిన టీయూ-142 విమానం ఉంది. నాలుగు ఇంజన్లకీ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగే జంట ప్రొపెల్లర్లు, అవి చూడటానికైనా ఆగాలి. తర్వాత పిల్లల్ని ఇసుకలో ఆడించండి, కానీ నీళ్ళలోకి దింపొద్దు. గోపాల్‌పూర్ బీచ్ అలవాటుంది కదా అని ధీమా వద్దు, ఇక్కడ కెరటం వెనక్కి లాగుతుంది. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి.

సాయంత్రం తిరుగు బండి పట్టుకోవాలంటే ముందు స్మారకం, తర్వాత కురుసుర, ఆ తర్వాత విమానం, చివర్న ఇసుక. ఈ వరస మార్చకండి.