పూత ఆరేదాకా ఆగుదాం

చేతిపనుల వర్క్‌షాపులు నడిపేవాళ్లందరికీ నమస్కారం.

వారాంతం వస్తే చాలు, హైదరాబాద్‌లో ఎక్కడో ఒకచోట చేతిపనుల వర్క్‌షాప్ ఉంటోంది. కుండలు, కలంకారీ, బ్లాక్ ప్రింటింగ్, చేర్యాల బొమ్మలు. టెన్షన్ తగ్గుతుందని పోస్టర్ మీదే రాస్తున్నారు. తగ్గుతుంది, నేను కళ్లారా చూశాను. కానీ మనం నడిపే తీరులో ఆ తగ్గించే భాగాన్నే పక్కన పెట్టేస్తున్నామని నా బాధ.

చేర్యాల సంగతే తీసుకోండి. సిద్దిపేట జిల్లా, మనకి వంద కిలోమీటర్ల లోపే. బట్ట మీద బొమ్మలు వేసే అక్కడి నకాశీ కళాకారులకి బొమ్మ వేయడం కన్నా ముందు బట్టని సిద్ధం చేయడమే పెద్ద పని. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీస్తారు. అందులో గంజి, సుద్దమట్టి, బంక నీళ్లు కలిపి ఖాదీ బట్టకి పూస్తారు. ఆ పూత ఆరాలి. ఆరాకే ఇంకో పూత. అదీ ఆరాలి. చాలా వర్క్‌షాపుల్లో ఇదంతా ముందే ముగించి, గీతలు కూడా గీసిన బట్ట చేతికిస్తున్నారు. రెండు గంటల్లో రంగులు నింపడం, ఫోటో దిగడం, వెళ్లిపోవడం. ఆఫీసులో ఉన్న హడావుడే ఇక్కడా ఉంటే ఇంత దూరం రావడం దేనికి?

మేం నడిపినచోట ఒకసారి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఓ అమ్మాయి వచ్చింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంది. పూత పూసిన దగ్గర్నుంచి ఊరుకోదు, ఆరిందేమోనని వేలితో తాకి చూస్తోంది. తాకినప్పుడల్లా తెల్లటి పూత మీద వేలిముద్ర పడుతోంది. నేర్పడానికి వచ్చిన పెద్దాయన కోప్పడలేదు. "దాన్ని ఆరనియ్యి బిడ్డా, అందాక గీ గింజల పొట్టు తియ్యి" అని గిన్నె ఆమె ముందుకి జరిపాడు. పక్కన రిటైరైన టీచరమ్మ ఒకావిడ అదే పనిలో ఉంది. ముందు పొట్టు గురించి మాట్లాడుకున్నారు, తర్వాత ఇళ్ల గురించి, ఆ తర్వాత నిద్ర గురించి. భర్త పోయినప్పటి నుంచి టీచరమ్మకీ నిద్ర కరువేనట. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మీ కష్టాలు చెప్పుకోండి అంటే ఒక్క మాట కూడా బయటికి వచ్చేది కాదు. చూపు చేతుల మీద ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. ఆ ఖాళీ సమయం ఎవరూ ప్లాన్ చేసింది కాదు, పూత ఆరడానికి పట్టిన సమయం అది.

చేతిపనిని వైద్యంలో భాగం చేయడం కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చెదిరిన సైనికులకి ఆసుపత్రుల్లో బుట్టలల్లడం, నేత నేర్పించారు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 39 మంది పెద్దవాళ్లకి మట్టి, రంగు పెన్నులు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేసుకోమన్నారు. ఒత్తిడికి గుర్తుగా చూసే కార్టిసాల్ దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. చెయ్యి తిరిగినవాళ్లకీ, కొత్తవాళ్లకీ పెద్ద తేడా కనిపించలేదు. అయితే అది చిన్న అధ్యయనం. దాన్ని చూపించి జబ్బులు నయమవుతాయని చెప్పకండి, దయచేసి.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్లలో చాలామందికి వైద్యం అందడం లేదు. మన ఊళ్లో మనసు బాగాలేదంటే చాలు, ఎర్రగడ్డ పేరెత్తి వెక్కిరించేవాళ్లు ఇంకా ఉన్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి జంకే మనిషి బొమ్మలు నేర్చుకోవడానికి మాత్రం ధైర్యంగా వస్తాడు. ఆ వచ్చినవాళ్లలో తిండీ నిద్రా మానేసినవాళ్లు, బతకాలని లేదనేవాళ్లు ఉండొచ్చు. కుంచె వాళ్లకి సరిపోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. వర్క్‌షాప్ గోడ మీద ఈ నంబర్ పెద్ద అక్షరాలతో ఉండాలి. అవసరమైతే మీరే డయల్ చేసి ఫోన్ వాళ్ల చేతికివ్వండి.

ఇక నేర్పేవాళ్ల గురించి. చేతిపని దానంతటదే ప్రశాంతత ఇస్తుందని మనం తేలిగ్గా అనేస్తాం. పోచంపల్లి చీర నేతలో ఆసు పోయడం అనే పని ఉంది, నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని. ఒక్కో చీరకి చెయ్యి కొన్ని వేలసార్లు పైకీ కిందకీ ఆడించాలి. తల్లి లక్ష్మి ఆ పనితో భుజాల నొప్పులు పడుతుంటే చూడలేక చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి శ్రమించి ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. చేతిని అదేపనిగా ఆడించడం ఆదివారం పూట మనకి హాయి. ఆ తల్లికి అది రోజంతా చేయాల్సిన పని, ఇల్లు గడవడానికి చేసిన పని.

కాబట్టి కళాకారుల్ని పిలిచినప్పుడు బేరాలాడకండి. ప్రచారం దొరుకుతుంది కదా అని తక్కువకి రమ్మనకండి. నేర్పిన గంటలకే కాదు, ముందురోజు గింజలు నానబెట్టి జిగురు కాచిన కూలీ లెక్కకట్టండి. బస్సు చార్జీ, భోజనం వేరే. చెక్కు తర్వాత పంపిస్తాం అనకుండా, ఆయన బస్సెక్కే లోపు డబ్బు చేతిలో పెట్టండి.