రాలిన ఆకుని ఎవరు తింటారు?

అందరికీ నమస్కారం. ఫుడ్ చెయిన్ అనగానే మనందరికీ స్కూల్ పుస్తకంలో బొమ్మ గుర్తొస్తుంది, గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద, మధ్యలో బాణం గుర్తులు. ఆ బొమ్మలో తప్పేం లేదు గానీ అడవిలో జరిగే పనిలో అది చూపించేది చిన్న ముక్క మాత్రమే, ఎందుకంటే అడవిలో ఆకులు పచ్చిగా ఉండగా ఎవరైనా తినేది చాలా కొంచెం, మామూలుగా పదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా రాలిపోయాకే ఎవరికో ఆహారం అవుతుంది. ఆ ఎవరో గురించే ఇవాళ ఎక్కువ మాట్లాడతాను.

ముందు ఎనర్జీ సంగతి చూద్దాం. మీద పడే ఎండలో మొక్కలు చక్కెరగా మార్చుకునేది ఏ ఒక్క శాతమో, అందులోనూ దాదాపు సగం వాటి బతుకుకే ఖర్చయిపోతుంది. మిగిలినదాన్ని మిడత తింటే కొంత అరక్కుండానే బయటికి పోతుంది, కొంత గెంతడానికీ ఊపిరికీ సరిపోతుంది, ఒంట్లో కండగా మిగిలేది కాస్తే. చేతులు మారిన ప్రతిచోటా కమీషన్ పోయినట్టు అన్నమాట. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి 10 శాతం చేరుతుందంటారు, అది సగటు లెక్క, ఒకచోట 5 ఉంటే ఇంకోచోట 20 ఉండొచ్చు. ఆ లెక్కన గడ్డిలో 10,000 కేలరీలుంటే మిడతల్లో 1000, కప్పల్లో 100, పాముల్లో 10, గద్ద దాకా వచ్చేసరికి ఒకటి. అడవిలో గద్దలు ఎందుకు అంత తక్కువో, వాటిని వేటాడి బతికే మరో జంతువు ఎందుకు లేదో దీంతోనే చాలావరకు అర్థమవుతుంది.

ఇలా మెట్టు మెట్టుకీ ఎనర్జీ లెక్క కట్టొచ్చని చూపించింది రేమండ్ లిండెమన్ అనే కుర్రాడు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సు దగ్గర ఏళ్ల తరబడి బురదా నాచూ పురుగులూ అన్నీ కొలిచాడు. ఆయన పేపర్ని మొదట తిప్పి పంపేశారు, చివరికి 1942లో అచ్చయింది, అప్పటికి కొన్ని నెలల ముందే ఆయన చనిపోయాడు, 26 ఏళ్లకే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

సరే, వేడిగా పోయిన ఎనర్జీ మళ్ళీ తిరిగి రాదు, రోజూ సూర్యుడు కొత్తగా ఇవ్వాల్సిందే. నత్రజని, భాస్వరం, పొటాషియం అలా కాదు, వాటిని ఎవరూ రోజూ పైనుంచి కుమ్మరించరు, ఉన్నవాటినే తిప్పి తిప్పి వాడుకోవాలి. ఆ తిప్పే పని ఎక్కడ జరుగుతుందో చూడాలంటే తడిగా ఉన్న చోట ఒక రాలిన ఆకుని తిరగేసి చూడండి. చెట్టు దాన్ని వదిలేముందే అందులోని నత్రజని, భాస్వరం దాదాపు సగం వెనక్కి లాగేసుకుని ఉంటుంది. మొదటి వానలకే పొటాషియం కరిగి మట్టిలోకి దిగిపోతుంది. అడుగున తెల్లగా సన్నటి దారాల్లా కనిపించేది శిలీంద్రం, అది ఆకులోకి చొరబడి మెత్తబరుస్తుంటే పురుగులూ వానపాములూ ముక్కలు చేస్తాయి, చివరికి ఈనెలు మాత్రం వలలాగా మిగులుతాయి. ఈనెల్లో ఉండే లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని అరిగించుకోవడం కొన్ని శిలీంద్రాలకే బాగా చేతనవుతుంది. ఇంకో విశేషం ఏంటంటే ఆకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ, కాబట్టి మొదట్లో ఈ శిలీంద్రాలు చుట్టూ మట్టిలో ఉన్న నత్రజనిని కూడా లాక్కుంటాయి, కర్బనం చాలావరకు ఖర్చయ్యాకే వదులుతాయి, అప్పుడు వేర్లు అందుకుంటాయి.

వేర్లు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోనే న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హబ్బర్డ్ బ్రూక్ అనే అడవిలో చేసి చూశారు. 1965లో ఒక వాగుకి నీళ్ళొచ్చే కొండవాలు మీద చెట్లన్నీ కొట్టేసి, అక్కడే పడేసి, మళ్ళీ మొలకెత్తకుండా మందు చల్లారు. మట్టిలో విచ్ఛిన్నం మాత్రం ఆగలేదు, తయారైన నైట్రేట్‌ని, అంటే వేర్లు తీసుకునే రూపంలో ఉన్న నత్రజనిని, తీసుకునేవాళ్ళే లేరు, చెట్లున్న పక్క వాగుతో పోలిస్తే ఈ వాగు నీళ్ళలో నైట్రేట్ దాదాపు 40 రెట్లు పెరిగింది. దాంతోపాటు కాల్షియం కూడా కొట్టుకుపోయింది. నన్ను అడిగితే అడవి కొట్టేసినప్పుడు పోయే కలప కంటే ఇలా కంటికి కనపడకుండా పోయేదాని గురించే ఎక్కువ బెంగపడాలి.

భాస్వరానికైతే నత్రజనిలా గాల్లో నిల్వ కూడా లేదు, రాళ్ళు అరిగితే రావాలి, నీళ్ళతో సముద్రంలోకి పోతే ఆ అడుగు మళ్ళీ పైకి లేచి నేలయ్యేసరికి లక్షల ఏళ్ళు, కోట్ల ఏళ్ళు పడుతుంది. మరి అంత వానపడే అమెజాన్ అడవి పోయినదాన్ని ఎలా భర్తీ చేసుకుంటోంది? చాద్ దేశంలో ఎండిపోయిన పాత సరస్సు ఒకటుంది, బోడెలె అంటారు, అక్కడి దుమ్ము గాలికి లేచి అట్లాంటిక్ దాటి అమెజాన్ మీద పడుతుంది. ఏడాదికి దాదాపు 22,000 టన్నుల భాస్వరం ఇలా ఆఫ్రికా దుమ్ముతో చేరుతుందని 2015లో శాటిలైట్ డేటాతో అంచనా వేశారు, వానలకి అక్కడ కొట్టుకుపోయేది కూడా ఇంచుమించు అంతేనట. తర్వాత 2019లో వచ్చిన ఇంకో పరిశోధన, ఆఫ్రికాలో గడ్డి, చెట్లు కాలినప్పుడు లేచే పొగ వాటా కూడా ఇందులో చాలా ఉందని చెప్పింది. దుమ్ముదా పొగదా ఎవరి వాటా ఎక్కువన్న చర్చ అక్కడుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.