మోకాలి నొప్పికి వ్యాయామం మోతాదు

అందరికీ నమస్కారం. "గుజ్జు అరిగిపోయిందన్నారు, ఇంకా కదిలిస్తే ఉన్నది కూడా పోతుంది." మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ నోట తరచూ వినే మాట ఇది. నొప్పి కంటే ఈ భయమే మనిషిని ఎక్కువగా కూలదోస్తుంది. మీరు గుజ్జు అనే మృదులాస్థిలో అసలు నరాలే లేవు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, వాచిన కీలు పొరలో. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా కొందరు హాయిగా తిరుగుతారు, కొద్దిగా అరిగినవాళ్ళు మెట్టు దిగలేరు.

నొప్పి ఏళ్ళ తరబడి ఉంటే నరాలు, వెన్నుపాము, మెదడు కూడా సున్నితమవుతాయి. దీన్ని ఆల్గోమీటరు అనే పరికరంతో కొలుస్తారు. చిన్న రబ్బరు మొనను మోకాలి పక్కన ఆనించి మెల్లగా నొక్కుతూ పోతారు. ఒత్తిడి కాస్తా నొప్పిగా మారగానే "ఆపండి" అనాలి. ఆ అంకె రాసుకుని ముంజేతి మీదా అలాగే చూస్తారు. అరుగుదల ఉన్న కొందరికి ఏ జబ్బూ లేని ఆ ముంజెయ్యి కూడా కొద్దిపాటి ఒత్తిడికే నొప్పెడుతుంది.

2014లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో మోకాలి అరుగుదల ఉన్న కొందరితో వారానికి 3 సార్లు, 12 వారాలు వ్యాయామం చేయించారు. చేయనివాళ్ళతో పోలిస్తే వీళ్ళలో నొప్పీ, ఒత్తిడికి సున్నితత్వమూ రెండూ తగ్గాయి. ఒక్కపూటతో వచ్చే ఫలితం కాదిది. నరాలు బాగా సున్నితమైనవాళ్ళకి మొదటి రోజు నొప్పి పెరగనూవచ్చు. అంతమాత్రాన కీలు పాడైందని కాదు, మోతాదు ఎక్కువైందని.

గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవండి, మూడు లెక్కపెడుతూ కూర్చోండి. 8 సార్లు చేసి, కాస్త ఆగి, మరో 8. లేవలేకపోతే కింద దిండు వేసుకోండి. దబ్బున కూలబడితే తొడ కండరానికి పనే ఉండదు. దిగేటప్పుడు నిదానమే ముఖ్యం. మోకాళ్ళు లోపలికి వాలకూడదు.

నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులేసుకోండి. చేస్తున్నప్పుడు 5 దాటకూడదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి రావాలి. రాలేదంటే మానకండి, సగానికి తగ్గించండి. కీలు వేడెక్కి ఎర్రగా వాచినా, జ్వరమొచ్చినా, మోకాలు పట్టేసి ముడుచుకోకపోయినా డాక్టరుకు చూపించాలి.

నడకకి విశాఖ బీచ్ రోడ్డు లాంటి చదును దారి మేలు, మెత్తటి ఇసుక అప్పుడే వద్దు. ఏడాదంతా కూర్చుని సింహాచలం గిరి ప్రదక్షిణనాడు ఒక్కసారిగా 32 కిలోమీటర్లు నడిచేసి, మంచమెక్కి, నడకే కొంప ముంచిందనుకుంటే ఎలా? రేపు 10 నిమిషాలే నడవండి. ఎల్లుండి పొద్దున మోకాలేమంటుందో చూసుకుని, తర్వాత పెంచండి.