ముందు లెన్స్, తర్వాతే కెమెరా

అందరికీ నమస్కారం.

కెమెరా కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "సార్, ఏ కెమెరా తీసుకోమంటారు?" నేను వెంటనే పేరు చెప్పను. మీరు ఏం తీస్తారు, ఏ వెలుగులో తీస్తారు, ఎంత బరువు మోయగలరు అని అడుగుతాను. ఈ మూడూ తేలితే లెన్స్ ఏదో తేలుతుంది. లెన్స్ తేలాక బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, ఎంచుకోవడం పెద్ద పని కాదు. మన దగ్గర ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. డబ్బంతా బాడీ మీద పెట్టి, దాంతో వచ్చిన కిట్ లెన్స్‌తో సర్దుకుంటారు. రెండేళ్లయ్యాక ఫొటోలు బాగా రావట్లేదని మళ్లీ బాడీనే మారుస్తారు. ఈ వరస మార్చుకోమని చెప్పడానికే ఇవాళ వచ్చాను.

మిర్రర్‌లెస్ ఎలా పనిచేస్తుందో ముందు కొంచెం చెప్పుకుందాం. పాత తరహా డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్‌కీ, బొమ్మను పట్టే సెన్సర్‌కీ మధ్య ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చే వెలుగును అది పైన మనం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లోకి పంపుతుంది, క్లిక్ చేసినప్పుడు పైకి లేస్తుంది. అది లేవడానికి చోటు కావాలి కాబట్టి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్‌కు కెనాన్ ఈఎఫ్‌లో 44 ఎంఎం, నికాన్ ఎఫ్‌లో 46.5 ఎంఎం దూరం ఉంచారు. అద్దం తీసేశాక సోనీ ఈ-మౌంట్‌లో ఆ దూరం 18 ఎంఎంకు, ఫూజీ ఎక్స్-మౌంట్‌లో 17.7 ఎంఎంకు తగ్గింది. 2008లో పానాసోనిక్ జీ1తో మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సర్ మిర్రర్‌లెస్ కెమెరాలు మొదలయ్యాయి. 2010లో సోనీ నెక్స్, 2012లో ఫూజీ ఎక్స్-ప్రో1 వచ్చాయి. కెనాన్, నికాన్ తమ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్‌లను 2018లో తెచ్చాయి.

ఆ దూరం తగ్గడం వల్ల మనకు ఇంకో మేలు జరిగింది. ఇంట్లో బీరువాలో పడున్న ఫిల్మ్ కాలం నాటి 50 ఎంఎం లెన్స్ ఉంటే, చిన్న అడాప్టర్ రింగుతో దాన్ని మిర్రర్‌లెస్‌కు తగిలించవచ్చు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. కానీ వ్యూఫైండర్‌లో బొమ్మను పెద్దది చేసుకుని కనురెప్ప మీద ఫోకస్ పెట్టవచ్చు. ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ బాడీ మీద ఆ లెన్స్, ఫుల్‌ఫ్రేమ్ మీద 75 ఎంఎం లెన్స్ ఇచ్చే చూపునిస్తుంది, అంటే పోర్ట్రెయిట్‌కు సరిగ్గా సరిపోతుంది. తగిలించేముందు ఫోన్ టార్చ్ వెలుగును లెన్స్‌లోంచి పంపి చూడండి. లోపల సాలెగూడులాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అలాంటి లెన్స్‌ను మిగతా లెన్స్‌లతో కలిపి పెట్టకండి.

ఇక సెన్సర్ సైజు. ఫుల్‌ఫ్రేమ్ 36×24 ఎంఎం, ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. వైశాల్యం లెక్కేస్తే మైక్రో ఫోర్ థర్డ్స్ కంటే ఫుల్‌ఫ్రేమ్ దాదాపు నాలుగు రెట్లు పెద్దది. అంటే చీకట్లో సుమారు రెండు స్టాపుల తేడా ఉంటుంది (ఒక స్టాపు అంటే వెలుగు రెండింతలు). ఈ తేడా నిజమే. అయితే పెద్ద సెన్సర్‌కు పెద్ద లెన్స్ కావాలి, ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. సోనీ ఏ7సీ ఫుల్‌ఫ్రేమ్ బాడీ 509 గ్రాములే. చేతిలోకి తీసుకుంటే ఎంత చిన్నదో అనిపిస్తుంది. దానికి 24-70 ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికొస్తుంది) లెన్స్ తగిలిస్తే, బరువు తగ్గించిన రెండో వెర్షన్ అయినా సరే, మొత్తం 1,200 గ్రాములు దాటుతుంది. 344 గ్రాముల సోనీ ఏ6000కు సిగ్మా 18-50 ఎఫ్ 2.8 పెడితే సుమారు 635 గ్రాములు. చూపు ఇంచుమించు అంతే, బరువు సగం. కాబట్టి చిన్న కెమెరా కావాలంటే బాడీ ఒక్కదాన్నే తూచకండి, మీరు వాడబోయే లెన్స్‌తో కలిపి తూచండి.

పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. నేలపట్టులో గూడబాతులకో, పులికాట్‌లో ఫ్లెమింగోలకో 600 ఎంఎం చూపు కావాలి. ఫుల్‌ఫ్రేమ్‌లో సోనీ 200-600 లెన్స్ ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సెన్సర్ చిన్నది కాబట్టి పానాసోనిక్ 100-300 అదే 600 ఎంఎం చూపును 520 గ్రాముల్లో ఇస్తుంది. తెల్లవారకముందు మసకవెలుతురులో పెద్ద సెన్సరే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. సూర్యుడు కొంచెం పైకొచ్చాక, గట్టు మీద గంటలకొద్దీ నడవాల్సి వస్తే, నేను తేలికదాన్నే పట్టుకెళ్తాను.

ఇప్పుడు అసలు విషయం, వెలుగు. మన ఇళ్లలో సాయంత్రం పూట పిల్లల ఫొటోలు ఎందుకు మసకబారుతున్నాయి? కిట్ లెన్స్‌ను 50 ఎంఎం దగ్గర పెడితే అపెర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. ఎఫ్ 1.8 ఉన్న ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) దానికి దాదాపు పది రెట్ల వెలుగును లోపలికి తెస్తుంది. కిట్ లెన్స్‌తో సెకనులో పదో వంతు షట్టర్ వస్తున్న గదిలోనే, అదే ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) మీద, ప్రైమ్‌తో సెకనులో వందో వంతు వస్తుంది. మొదటిదాంట్లో పిల్ల ముఖం చెదిరిపోతుంది, రెండోదాంట్లో నిలబడుతుంది. ఇంత తేడా బాడీ మార్చినందువల్ల రాదు. ఒలింపస్ 45 ఎంఎం ఎఫ్ 1.8 బరువు 116 గ్రాములే. ఫూజీ 35 ఎంఎం ఎఫ్ 2 బరువు 170 గ్రాములు. జేబులో పడతాయి.

"మా కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంది కదా, ప్రైమ్ ఎందుకు?" అని అడుగుతారు. 2012లో ఒలింపస్ ఈ-ఎం5లో సెన్సర్‌నే ఐదు దిశల్లో సర్దే పద్ధతి వచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీల దగ్గర ఉంది. అది మన చేతి వణుకును ఆపుతుంది. ఎదురుగా ఉన్న మనిషి కదలికను మాత్రం ఆపలేదు. కదలని వస్తువుల దగ్గర దాని విలువ తెలుస్తుంది. 2021లో యునెస్కో జాబితాలో చేరిన పాలంపేట రామప్ప గుడినే తీసుకోండి. మండపం లోపల చీకటి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అక్కడ స్తంభాల చెక్కడాలను చేత్తోనే నాలుగో వంతు సెకనులో తీయగలిగితే అది స్టెబిలైజేషన్ పుణ్యమే. కాబట్టి గుళ్లు, శిల్పాలు తీసేవాళ్లు ఈ సౌకర్యం ఉన్న బాడీ కోసం కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. పిల్లలనూ పెళ్లిళ్లనూ తీసేవాళ్లు ఆ డబ్బును లెన్స్ మీద పెట్టాలి.

రామప్ప ప్రస్తావన వచ్చింది కాబట్టి పోలరైజర్ గురించి చెబుతాను, లెన్స్ ముందు బిగించి తిప్పుకునే ఫిల్టర్ ఇది. నాకు ఫిల్టర్లన్నిటిలోనూ ఇదంటే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇది చేసే పనిని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా చేయలేం. చూరు కింద మదనికల విగ్రహాలు నున్నటి నల్లరాతివి. పగటి వెలుగు వాటి మీద తెల్లగా మెరిసి, చెక్కడంలోని నగిషీని కప్పేస్తుంది. పోలరైజర్ తిప్పుతుంటే ఆ మెరుపు తగ్గి, నగల గీతలు ఒక్కొక్కటే బయటపడతాయి. పూర్తిగా చివరిదాకా తిప్పకండి. మెరుపంతా పోతే రాయి జీవం పోయినట్టు కనిపిస్తుంది, కొంచెం ఉంచండి. అరకులో వాన వెలిశాక కాఫీ ఆకుల మీదా ఇదే జరుగుతుంది. ఆకు మీద ఆకాశం తాలూకు తెలుపు పోయి అసలు పచ్చదనం వస్తుంది. లోహం మీద నేరుగా మెరిసే వెలుగును మాత్రం పోలరైజర్ తీయలేదు, ఇత్తడి సామాన్ల ఫొటోలకు దాన్ని నమ్ముకోకండి.

ఆకాశాన్ని ముదురు నీలం చేయాలంటే ఒక చిన్న కిటుకు ఉంది. చూపుడువేలును సూర్యుడి వైపు పెట్టి, బొటనవేలును దానికి అడ్డంగా చాపండి. చూపుడువేలు అలాగే ఉంచి చేతిని తిప్పితే బొటనవేలు ఏ దిక్కులు చూపిస్తుందో అక్కడే ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. సూర్యుడు మీ వెనక ఉన్నా, ఎదురుగా ఉన్నా ఎంత తిప్పినా పెద్దగా తేడా రాదు. 16 ఎంఎం లాంటి వెడల్పు లెన్స్‌తో వాడితే ఆకాశంలో ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా మచ్చలా వస్తుంది. ఇంద్రధనుస్సు వచ్చినప్పుడు జాగ్రత్త, తప్పు వైపు తిప్పితే అది మాయమైపోతుంది! ఇంకోటి, పోలరైజర్ ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది. సాయంత్రమయ్యాక తీసి పెట్టెలో వేసేయండి.

కొనేటప్పుడు అది నిజమైన పోలరైజరో కాదో షాపులోనే తేల్చుకోవచ్చు. లాప్‌టాప్ ఎల్‌సీడీ తెర వైపు ఫిల్టర్ ముందు భాగం ఉండేలా పట్టుకుని, వెనక నుంచి చూస్తూ తిప్పండి. ఒకచోట తెర నల్లబడాలి. తర్వాత తెల్లకాగితం మీద పెట్టి చూడండి. పసుపో ఆకుపచ్చో గట్టిగా కనిపిస్తే వద్దనండి.

ఎన్‌డీ ఫిల్టర్ చేసేది ఒక్కటే పని, వెలుగును తగ్గించడం. కుంటాలలోనో తలకోనలోనో నీళ్లు పాలధారలా రావాలంటే షట్టర్ నెమ్మదించాలి. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 8 మీద షట్టర్ సుమారు 1/400 వస్తుంది. ఎన్‌డీ 64 పెడితే వెలుగు 64వ వంతుకు తగ్గి అది 1/6 సెకను అవుతుంది, ఎన్‌డీ 1000 పెడితే రెండున్నర సెకన్లు. అపెర్చర్‌ను ఎఫ్ 16, ఎఫ్ 22 దాకా మూసేస్తే ఫిల్టర్ అక్కర్లేదు కదా అనుకోవచ్చు. చిన్న సెన్సర్ల మీద అది చేటు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్ 8 దాటాక, ఏపీఎస్-సీలో ఎఫ్ 11 దాటాక డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం) వల్ల ఫొటో మెత్తబడడం మొదలవుతుంది. అందుకే చిన్న కెమెరా వాడేవాళ్లకే ఎన్‌డీ అవసరం ఎక్కువ. డీఎస్ఎల్ఆర్‌లో ముదురు ఎన్‌డీ పెడితే వ్యూఫైండర్ నల్లగా అయిపోయేది, ముందు ఫోకస్ చేసుకుని తర్వాత ఫిల్టర్ బిగించాల్సి వచ్చేది. మిర్రర్‌లెస్‌లో ఎన్‌డీ 64 వెనక నుంచి కూడా బొమ్మ మామూలుగానే కనిపిస్తుంది.

వీడియో తీసేవాళ్లకైతే ఎన్‌డీ తప్పనిసరి. సెకనుకు 25 ఫ్రేములకు 1/50 షట్టర్ పెడితే కదలిక సహజంగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో ఎఫ్ 2.8 మీద 1/50 కావాలంటే ఆరు స్టాపులు తగ్గించాలి, అంటే మళ్లీ ఎన్‌డీ 64. తిప్పుకునే వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యమే గానీ, అది రెండు పోలరైజర్లను కలిపి చేసిన వస్తువు. చివరిదాకా తిప్పితే ఫ్రేమ్ మధ్యలో ఇంటూ గుర్తులా నల్లటి నీడ పడుతుంది.

యూవీ ఫిల్టర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫిల్మ్‌కు అది అవసరం, డిజిటల్ సెన్సర్‌కు కాదు. బీచ్‌లో ఉప్పునీటి తుంపర, ఇసుక ఉన్నచోట గాజుకు రక్షణగా పెట్టుకోండి. దీపాల ముందు మాత్రం తీసేయండి, లేకపోతే ప్రతి దీపానికీ తలకిందుల నీడబొమ్మ పడుతుంది. మామూలు రోజుల్లో లెన్స్ ముందు తగిలించే హుడ్ చాలు. ఇక ప్రతి లెన్స్‌కూ వేరే ఫిల్టర్లు కొనకండి. మీ లెన్స్‌లలో పెద్దదానికి, అంటే ముందు భాగం వ్యాసం 67 ఎంఎం అనుకోండి, ఒక మంచి పోలరైజర్, ఒక ఎన్‌డీ కొని, 49, 52, 55 వ్యాసం ఉన్న లెన్స్‌లకు పెద్ద ఫిల్టర్ బిగించడానికి స్టెప్-అప్ రింగులు పెట్టుకోండి.

పాత బాడీ కొనడం గురించి. నా మటుకు నేను కొత్త బాడీ, కిట్ లెన్స్ కంటే సెకండ్ హ్యాండ్ బాడీ, మంచి ప్రైమ్ తీసుకోమంటాను. కొనేముందు ఎఫ్ 16 మీద ఆకాశాన్ని తీసి సెన్సర్ మీద మచ్చలు చూడండి, లెన్స్ మౌంట్ వదులుగా ఊగుతుందేమో చూడండి, బ్యాటరీ ఉబ్బిందేమో తడిమి చూడండి. మిర్రర్‌లెస్‌లో తెర ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి బ్యాటరీ త్వరగా అయిపోతుంది, రెండోది ఉండాల్సిందే. విదేశాల నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగండి. జపాన్‌లో అమ్మే చాలా సోనీ బాడీల్లో మెనూ జపనీస్‌లో తప్ప ఇంకే భాషలోనూ ఉండదు.

లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపేసి, దాని లెన్స్ బిగించే చోటును కిందికి వంచి మార్చండి. మధ్యలో అద్దం లేదు కాబట్టి దుమ్ము నేరుగా సెన్సర్ మీదికే వెళ్తుంది. నోటితో ఊదకండి, రబ్బరు బ్లోయర్ వాడండి. ఇంట్లో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చవకరకం తేమ మీటర్ ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోండి.

ఇక పెళ్లిళ్లు తీసే తమ్ముళ్లకు ఒక్క మాట. శబ్దం రాదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడుతున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ ఫొటోలో అడ్డచారలుగా పడతాయి. స్టేజీ మీద మెకానికల్ షట్టర్ పెట్టి 1/50 గానీ 1/100 గానీ వాడండి. వీడియో మెనూలో ఎన్‌టీఎస్‌సీ ఉంటే, 50 హెర్ట్జ్‌కు సరిపోయే పాల్ (PAL) పద్ధతికి మార్చుకోండి.

ఇప్పుడు ఎవరి కెమెరాలు వాళ్లు బయటికి తీయండి. ఈ హాల్‌లో ఉన్నవన్నీ ఎల్ఈడీ లైట్లే. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 1/1000 మీద ఒక ఫొటో, 1/100 మీద ఇంకో ఫొటో ఈ తెల్లగోడను తీయండి. చారలు వచ్చినవాళ్లు ముందుకు రండి, మెనూలో ఏది మార్చాలో కలిసి చూద్దాం.