గడ్డి కోసే యంత్రంలో పెట్రోలు నిండిపోతే: ఫోన్-ఇన్ కార్యక్రమం

నిర్వాహకురాలు: నమస్కారమండీ, మీ సందేహం చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నా గడ్డి కోసే యంత్రం ఉదయం నుంచి స్టార్ట్ కావడం లేదు. పెట్రోలును ఇంజన్‌లోకి ఎక్కించే ప్రైమర్ బల్బును ఏడెనిమిది సార్లు నొక్కి, చోక్ వేసి, తాడును ఇరవై సార్లకు పైగా లాగాను. ఇప్పుడు దగ్గరకు వెళితేనే పెట్రోలు వాసన గుప్పుమంటోంది. ఇంకా లాగమంటారా?

నిపుణుడు: వద్దండీ, తాడు వదిలేయండి. పెట్రోలు సరిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. చోక్ ఆ గాలిని అడ్డుకుంటుంది కాబట్టి, మీరు లాగిన ప్రతిసారీ సిలిండర్‌లోకి పెట్రోలే ఎక్కువగా చేరి, నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ కొన తడిసిపోయింది. తడిసిన ప్లగ్ మీద నిప్పురవ్వ సరిగా పడదు. యంత్రం మొండికేసిందని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు దాన్ని ముంచేది మన తొందరే.

శ్రోత: మరి ఏం చేయాలండీ?

నిపుణుడు: యంత్రం షెడ్డులో ఉంటే ఆరుబయటికి తెచ్చి చదునైన నేల మీద నిలపండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేలబారున పాకి దూరంగా ఉన్న పొయ్యినో సిగరెట్టునో అందుకోగలదు. అందుచేత చుట్టుపక్కల నిప్పు అన్నది ఉండకూడదు. చోక్ పూర్తిగా తీసేసి పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. తరువాత ప్రైమర్ జోలికి పోకుండా, వేగం సర్దే మీట ఉంటే దాన్ని పూర్తి వేగానికి పెట్టి, హ్యాండిల్ మీది మీటను పట్టుకుని నాలుగైదు సార్లు లాగండి. ఎక్కువసార్లు ఇంతటితోనే పని జరుగుతుంది.

శ్రోత: అప్పటికీ కాకపోతే?

నిపుణుడు: ప్లగ్ విప్పాలి. ఇంజన్ చల్లారాక ప్లగ్ క్యాప్‌ను లాగేసి పక్కకు తప్పించండి. క్యాప్ ఊడదీయకుండా బ్లేడు దగ్గర చెయ్యి పెట్టడం ప్రాణాంతకం. ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని తుడిచి, ప్లగ్ పానాతో విప్పి, పొడి గుడ్డతో తుడిచి గాలికి ఆరనివ్వండి. మంట మీద కాల్చి ఆరబెట్టేవారిని నేను చూశాను. దయచేసి అది చేయకండి. ప్లగ్ లేకుండానే తాడును నెమ్మదిగా ఐదారు సార్లు లాగితే లోపలి పెట్రోలు ఆ రంధ్రం గుండా తుంపరగా బయటికి వస్తుంది. అప్పుడు ముఖం రంధ్రానికి ఎదురుగా ఉండకూడదు, కళ్లద్దాలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, క్యాప్ ఆ రంధ్రానికి దూరంగా ఉండాలి, ఎందుకంటే మీట పట్టుకుని లాగినప్పుడు అక్కడ నిప్పురవ్వ పుట్టి ఆ తుంపర అంటుకోగలదు. క్యాప్ తగిలించడానికి ఇంజన్ మీదే లోహపు కొక్కెం ఉంటే దానికే తగిలించండి. చిందిన పెట్రోలు పూర్తిగా ఆరిపోయాకే ప్లగ్‌ను మొదట చేత్తో తిప్పి బిగించి, క్యాప్ పెట్టి స్టార్ట్ చేయండి.

నిర్వాహకురాలు: మరో శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

రెండవ శ్రోత: మాది వారం వారం ఇలాగే అవుతోందండీ. బ్లేడు శుభ్రం చేయడానికి పక్కకు వంచుతూ ఉంటాను. దానివల్లనా?

నిపుణుడు: కావచ్చునమ్మా. వంచేటప్పుడు కార్బురేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపే భాగం, ఎయిర్ ఫిల్టర్ పైవైపుకు ఉండాలి; అవి కిందికి వస్తే పెట్రోలు, ఆయిల్ రెండూ ఫిల్టర్‌లోకి దిగుతాయి. తడిసిన కాగితపు ఫిల్టర్ గాలిని ఆపేస్తుంది, దాన్ని మార్చడమే మేలు. వంచకపోయినా పెట్రోలు కారుతూనే ఉంటే, కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలే ఫ్లోట్‌తో పాటు కదులుతూ పెట్రోలును ఆపే సూదికి చెత్త అడ్డుపడి మూసుకోవడం లేదన్నమాట. పని అయ్యాక పెట్రోలు కొళాయి కట్టేయడం తాత్కాలిక ఉపాయమే, ఆ సూదిని మెకానిక్ చేత శుభ్రం చేయించాలి. ఈలోగా ఆయిల్ కొలిచే కడ్డీ తీసి వాసన చూడండి.

రెండవ శ్రోత: చూశానండీ, మట్టం పెరిగింది, పెట్రోలు వాసన కూడా వస్తోంది.

నిపుణుడు: అయితే ఇంజన్‌ను ఒక్క నిమిషం కూడా నడపకండమ్మా. పెట్రోలు కలిసిన ఆయిల్ పలచబడి లోపలి భాగాలను కాపాడలేదు. ముందు సూది సంగతి చూసి, ఆ తరువాతే ఆయిల్ మార్చండి. లేదంటే కొత్త ఆయిల్ కూడా ఇలాగే పాడవుతుంది.